వ్యాలిడేషన్ తీసేసినా టెస్ట్ పాస్ అవుతోందా?

మీ జావా కోడ్‌లో వయసు నింపే సెట్‌ఏజ్ మెథడ్‌లో నెగటివ్ వయసు చెక్ తీసేసినా జేయూనిట్ టెస్ట్ పాస్ అవుతోందన్నారు కదండీ, లోపం మీ లాంబ్డాలో, అంటే అసర్ట్‌త్రోస్‌కి ఇచ్చిన చిన్న కోడ్ ముక్కలో ఉంది. అందులో టెక్స్ట్‌ని అంకెగా మార్చే పార్స్‌ఇంట్‌కి ఇచ్చిన "-5 " చూడండి, చివర ఒక స్పేస్ ఉండిపోయింది. దాంతో నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తోంది. అది మీ టెస్ట్ ఎదురుచూసే ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్‌కి సబ్‌క్లాస్ (దాని కిందికి వచ్చే రకం) కాబట్టి, ఎక్సెప్షన్ వచ్చిందా అని చూసే అసర్ట్‌త్రోస్ ఒప్పేసుకుంటోంది. అసలు సెట్‌ఏజ్ దాకా కోడ్ వెళ్లడమే లేదు.

ఈ టెస్ట్‌కి పార్సింగ్ అనవసరం. లాంబ్డాలో సెట్‌ఏజ్ ఒక్కటే ఉంచి, నేరుగా -5 ఇవ్వండి. అసర్ట్‌త్రోస్ పట్టుకున్న ఎక్సెప్షన్‌ని తిరిగి ఇస్తుంది, దాని మెసేజ్ కూడా సరిచూడండి. జేయూనిట్ 5.8 నుంచి అసర్ట్‌త్రోస్‌ఎగ్జాక్ట్‌లీ ఉంది, అది సబ్‌క్లాస్‌ను ఒప్పుకోదు. అయినా మెసేజ్ చూడటమే నాకు ఎక్కువ భరోసా, ఎందుకంటే అదే రకం ఎక్సెప్షన్ వేరే చెక్ నుంచి కూడా రావచ్చు.

మార్చాక ఆ చెక్ లేకుండానే ఒకసారి రన్ చేయండి, ఈసారి టెస్ట్ ఫెయిల్ అవ్వాలి.