మిర్చి ల్యాబులో ఉద్యోగానికి కవరింగ్ లెటర్

గుంటూరు

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కవరింగ్ లెటర్ శ్రద్ధగా చదివానమ్మా. ఇంగ్లీషులో తప్పుల్లేవు. కానీ అందులో నువ్వూ కనపడలేదు, ఆ కంపెనీ కూడా కనపడలేదు. పైన పేరు మార్చి ఏ బ్యాంకుకు పంపినా సరిపోతుంది. కష్టపడతాను, టైముకి వస్తాను, నలుగురితో కలిసి పనిచేస్తాను అని రాయనివాళ్ళు ఉండరు. ఎగుమతుల ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ దరఖాస్తులు ముందు నా టేబుల్ మీదకే వచ్చేవి. ఆ మాటలు కనపడితే నా కళ్ళు వాటంతటవే కింది పేరాకి జారిపోయేవి.

ముందు వాళ్ళ పనేమిటో తెలుసుకో. ల్యాబులో క్వాలిటీ అసిస్టెంట్ అంటే ఏం చూడాలి? కాయలో తేమ, రంగు, ఘాటు, పురుగుమందుల అవశేషాలు, అఫ్లాటాక్సిన్. కల్లంలో సరిగా ఎండని కాయలో తేమ నిలిచి బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే విషమే అఫ్లాటాక్సిన్. ఎండుమిర్చిలో బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటిందంటే యూరప్ దేశాలు సరుకును రానివ్వవు. ఓడెక్కి వెళ్ళిన కంటైనర్ తిరిగొస్తే ఎంత నష్టమో ఆలోచించు. ఆ భయం ఉంది కాబట్టే ల్యాబు పెట్టుకున్నారు, మనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. ఈ సంగతి నీకు తెలుసని నీ మొదటి పేరా చదవగానే వాళ్ళకి అర్థం కావాలి.

ఇప్పుడు నీ చదువు సంగతి. కారం రంగు కొలవాలంటే దాన్ని అసిటోన్‌లో నానబెట్టి, ఆ ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 460 నానోమీటర్ల దగ్గర చూస్తారు. దానితో లెక్కగట్టే రంగు కొలతే ఆస్టా విలువ. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో నువ్వు ఆ పరికరం వాడావు కదా! ఉత్తరంలో దాని ఊసే లేదు, ‘కెమిస్ట్రీ మీద మంచి పట్టుంది’ అని మాత్రం ఉంది. అది కొట్టేసి, ఏ ద్రావణాలు నీ చేత్తో కలిపావు, రీడింగులు తేడా వచ్చినప్పుడు ఏం చేశావు, అది రాయి. రెండు వాక్యాలు చాలు. ఘాటు కొలిచే హెచ్‌పీఎల్‌సీ అనే పరికరం నువ్వింకా ముట్టుకోలేదు. నేర్చుకోవాలనుందని రాయి, వచ్చని మాత్రం రాయకు. ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే కావచ్చు.

రాసేముందు అన్నయ్యను వెంటబెట్టుకుని ఓ పొద్దున్నే మిర్చి యార్డుకు వెళ్ళు. ముక్కుకి గుడ్డ కట్టుకో. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి కాయ తీసి వ్యాపారి ఎలా నలిపి చూస్తాడో గమనించు. తేజ రకం ఏదో, 334 రకం ఏదో, రంగు పోయిన తాలు కాయ ఎందుకు వేరు చేస్తారో అడుగు, చెబుతారు. ఈ కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావన్న పేరాకి నీ దగ్గర సొంత మాటలు అక్కడ దొరుకుతాయి.

నాన్న ఆరోగ్యం బాగాలేదని, ఇల్లు నీ మీదే ఉందని చివర్లో రాశావు. చదువుతుంటే మనసు కలుక్కుమంది తల్లీ. అయినా ఆ పేరా తీసెయ్యి. చదివినవాళ్ళకి జాలి కలుగుతుంది గానీ, జాలిపడి ల్యాబు తాళాలు చేతికివ్వరు.

ముందు తెలుగులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాలతో ఇంగ్లీషులో పెట్టు. ఫోనుతో తప్పులు దిద్దించుకో, ఉత్తరమంతా దాని చేత రాయించకు. ఒకే రకం ఉత్తరాలు చదివి చదివి విసిగిపోయిన వాళ్ళకి నీ సొంత మాట చప్పున కంటబడుతుంది.

మిగతావి నీకు తెలిసినవే. పేజీ దాటకు. ప్రకటనలో మేనేజర్ పేరుంటే ఆ పేరుతోనే మొదలుపెట్టు. ఎప్పటి నుంచి చేరగలవో చెప్పు. పీడీఎఫ్ చేసి, ఫైలుకి నీ పేరు పెట్టి, మెయిల్ సబ్జెక్టులో ఉద్యోగం పేరు రాసి పంపు. వారం దాటినా జవాబు రాకపోతే ఫోన్ చేసి మర్యాదగా అడుగు. మెయిల్ ఎవరూ తెరవకుండానే ఉండిపోవడం ఆఫీసుల్లో మామూలే.

కొత్తది రాయగానే వాట్సాప్‌లో పెట్టు. ఎంత రాత్రయినా చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న