కాండ్రించినా కఫం రావడం లేదా?

ప్రశ్న: ఆర్నెల్లుగా గొంతులో తెమడ అడ్డుపడినట్టే ఉంటోంది. పొద్దస్తమానం కాండ్రిస్తున్నా ఏమీ రాదు. దగ్గు సిరప్‌లతో గుణం కనిపించలేదు. మందుల్లేకుండా తగ్గే దారి ఉందా?

జవాబు: ముందు ఆ కాండ్రించడం మానండి. అలా చేసిన ప్రతిసారీ స్వరతంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. లోపలి పొర ఒరుసుకుపోయి, తనను కాపాడుకోవడానికి ఇంకాస్త తెమడ ఊరిస్తుంది. మళ్లీ కాండ్రించాలనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా ఓ గుక్క నీళ్లు తాగండి. నీళ్లు దగ్గర లేకపోతే గడ్డం కిందికి దించి ఉమ్మి గట్టిగా మింగండి. మొదటి కొన్ని రోజులు చాలా కష్టంగా ఉంటుంది, అయినా పట్టు విడవకండి.

ఇక మూలం ఎక్కడుందో చూడాలి. తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉండి, పడుకోగానే గొంతులోకి ఏదో జారుతున్నట్టుంటే అది ముక్కు నుంచే. అలర్జీ, సైనస్ వాపు దీనికి ముఖ్య కారణాలు. దీనికి ఉప్పునీటితో ముక్కు కడగడం మంచి ఉపాయం. 240 మి.లీ. నీటిని కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చి, అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కురంధ్రంలో పోస్తే కింది దాంట్లోంచి బయటికొస్తుంది. ఉప్పు మరీ తగ్గితే ముక్కు భగ్గుమంటుంది. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. కుళాయి నీళ్లు కాచకుండా మాత్రం వాడొద్దు. అరుదుగానే అయినా, అందులోని అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీయగలదు.

ముక్కు బాగానే ఉండి, పొద్దున్నే గొంతు బొంగురుగా, తిన్నాక ఇబ్బంది ఎక్కువగా ఉంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందేమో అనుమానించాలి. ఛాతీలో మంట లేకుండానే ఇలా జరగొచ్చు. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించండి. మంచం తలవైపు కాళ్ల కింద 15 సెం.మీ. ఎత్తు దిమ్మెలు పెట్టండి. దిండ్లు పేరిస్తే నడుము దగ్గర వంగి కడుపు మీద ఒత్తిడే పెరుగుతుంది.

పొగతాగే అలవాటుంటే అది మానకుండా ఇవేవీ పెద్దగా పనిచేయవు. పాలు తెమడను పెంచవు, ఉమ్మితో కలిసి కాసేపు చిక్కగా అనిపిస్తాయంతే.

ఉమ్మిలో రక్తం, మింగడం కష్టం, మెడలో గడ్డ, బరువు తగ్గడం, మూడు వారాలు దాటినా తగ్గని స్వరం మార్పు, ఒకవైపే చెవినొప్పి - వీటిలో ఏ ఒక్కటున్నా చిట్కాలు పక్కనపెట్టి వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. ఇవేవీ లేకపోయినా, ఆర్నెల్లయింది కాబట్టి ఒకసారి గొంతు పరీక్ష చేయించుకోవడమే మంచిది.