గుంట ఊట ఆగనిదే చౌడు పోదు

ప్రశ్న: మాది విడవలూరు మండలం. మా వరి కయ్యలకు ఆనుకుని రొయ్యల గుంటలు తవ్వారు. గట్ల మీద తెల్లగా ఉప్పు పేరుతోంది. గుంట వైపు నాలుగు బారల మేర నాటు ఎండిపోతోంది. ఎకరాకు ఎంత జిప్సం చల్లాలి?

జవాబు: ఇప్పుడే చల్లకండి. జిప్సం కారుచౌడుకు మందు. అందులో బంకమట్టిని పట్టుకున్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియం విడదీస్తుంది. మీరు చెప్పినవి పాలచౌడు గుర్తులు. దీంట్లో ఉప్పు విడిగానే ఉంటుంది, మంచినీళ్లతో కడిగితే దిగిపోతుంది.

ముందు మట్టి పరీక్ష. తెల్ల పొర గీకేసి గుంట పక్కన, కయ్య మధ్యలో, అవతలి గట్టు దగ్గర వేర్వేరుగా 15, 30 సెంటీమీటర్ల లోతుల్లో మట్టి తీయండి. అంతా ఒకే సంచిలో కలిపితే ఊట ఎటునుంచో తెలియదు. మట్టిని నీటితో పూర్తిగా తడిపి తీసిన సంతృప్త ద్రావణంలో ఈసీ (ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత, మీటరుకు డెసిసీమెన్లలో) 4 దాటి, పీహెచ్ 8.5 లోపుంటే పాలచౌడే. వరికి ఈసీ 3 దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. చాలా ల్యాబులు 1:2 పద్ధతిలో (ఒక వంతు మట్టికి రెండు వంతుల నీరు కలిపి) చూస్తాయి. ఆ అంకె తక్కువగా వస్తుంది, చూసి ధీమా పడొద్దు.

గుంటకూ కయ్యకూ మధ్య కయ్య మట్టానికి మూడడుగుల దిగువన ఊట కాలువ తీయించండి. కట్ట పాదానికి మరీ దగ్గరైతే కట్ట జారుతుంది. మురుగు కాలువలోకి వాలు లేకపోతే నీరు నిలిచి అదే ఇంకో ఉప్పు గుంట అవుతుంది.

తర్వాత ఈశాన్య వానల్లో కడగండి. పొడి దుక్కి దున్ని, గట్లు ఎత్తు చేసి నీరు నిలపండి. చాలామంది ఇక్కడే దమ్ము (నీళ్లలో బురద దుక్కి) చేస్తారు. మట్టి సందులు పూడి నీరు కిందికి దిగదు. నీళ్లు పెట్టి వెంటనే తీసేస్తే పై పొరలోని ఉప్పే పోతుంది. అడుగు లోతు మట్టిలో ఉప్పు చాలావరకు పోవాలంటే దాదాపు అడుగు ఎత్తు నీరు ఇంకాలి. పంట లేనప్పుడు ఎకరాకు 10-12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూత దశలో కలియదున్నండి. ఉప్పు దిగాక బంకనేల బిగుసుకుంటే మళ్లీ పరీక్ష చేయించండి. పీహెచ్ 8.5 దాటితే అప్పుడు జిప్సం, ల్యాబ్ చెప్పిన మోతాదులో.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మా వీధి బోరు నీళ్లు ఉప్పగా మారాయి. కాచి తాగొచ్చా?

జవాబు: కాస్తే నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. పటిక మడ్డినే దించుతుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. ఇంట్లో ఉప్పు తీయాలంటే ఆర్వో ఫిల్టరు వాడాలి. మీ బోరు దగ్గర్లో రొయ్యల గుంటలుంటే ఇదీ చూడండి: కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2005 కింద ఇచ్చిన మార్గదర్శకాలు రొయ్యల గుంటకూ తాగునీటి వనరుకూ 100 మీటర్ల ఎడం ఉండాలన్నాయి. టేపుతో కొలిచి, నీటి పరీక్ష కాగితం జతచేసి కలెక్టరుకు అర్జీ పెట్టండి.