నిజాం పేరున్న బాంబర్, ఎమ్డెన్ అనే పైలట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి అక్కడి రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఒక పాత విమానం ఫొటో తీసి పంపింది. దాని మీద హైదరాబాద్ నిజాం బహూకరించినట్టు ఇంగ్లీషులో రాసి ఉంది. నిజాం యుద్ధ విమానాలు కొనిచ్చాడా? మనవాళ్లెవరైనా నడిపారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

కొనిచ్చాడండీ. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి, అంటే విమానాల దళానికి, మొదట వచ్చిన విమానాలన్నీ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో కొన్నవే. అందుకే ఆ స్క్వాడ్రన్‌కి 'హైదరాబాద్' అనే పేరు పడింది, రెండో యుద్ధంలో కూడా అదే పేరుతో కొనసాగింది. డబ్బు నిజాంది అంటాం గానీ, ఆ ఖజానా నిండింది శిస్తు కట్టిన రైతుల వల్లే కదా, మీ కరీంనగర్ రైతులు కూడా అందులో ఉండే ఉంటారు. ఆ సంగతి మాత్రం విమానం మీద రాయలేదు.

నడిపినవాళ్లలో మనవాళ్లు లేరు. మీ అమ్మాయి చూసింది డీహెచ్-9ఏ రకం బాంబర్, ఇద్దరు కూర్చునేది, పైలట్ ముందు, అబ్జర్వర్ వెనక. 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేరి, అక్కడి నుంచి పట్టపగలే జర్మనీ ఊళ్ల మీదికి వెళ్లేవాళ్లు. యుద్ధం నవంబర్ 11న అయిపోయింది, అంటే వాళ్లు యుద్ధంలో ఉన్నది రెండు నెలల పైచిలుకే, ఆ కొద్ది కాలంలోనే శత్రువు చేతిలో, ప్రమాదాల్లో కలిపి ఎన్ని విమానాలు పోయాయంటే మళ్లీ మళ్లీ కొత్తవి తెప్పించుకోవాల్సి వచ్చింది.

మ్యూజియంలో ఉన్నది ఎఫ్-1010 నంబర్ విమానం. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి వెళ్లి దిగిపోవాల్సి వచ్చింది, అందులో ఉన్న ఇద్దరూ ప్రాణాలతో ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు, రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే దాన్ని పోలండ్‌కి తరలించారు, చివరికి 1977లో పోలండ్ వాళ్లకి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి బ్రిటన్ వెనక్కి తెచ్చుకుంది. బాంబులు వేయడానికి పుట్టిన విమానం బాంబులకి భయపడి పారిపోవడం కొంచెం తమాషాగా లేదూ?

'ఎమ్డెన్' అనే పైలట్ తన విమానంతో 'ఎమ్డెన్' అనే యుద్ధనౌకనే ఢీకొట్టి ప్రాణత్యాగం చేశాడని, అతనిది హైదరాబాద్ స్క్వాడ్రనేనని వాట్సాప్‌లో వచ్చింది. ఇది నిజమా, ఎవరైనా అల్లిందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సగం నిజం, సగం మసాలా. పేర్లు నిజం, స్క్వాడ్రన్ నిజం, చనిపోవడం నిజం. 'ప్రాణత్యాగం' దగ్గరే నాకు అభ్యంతరం.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మర్నాడే విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు దగ్గర ఉన్న జర్మన్ యుద్ధనౌకల మీదికి 15 బ్లెన్‌హైమ్ బాంబర్లు బయల్దేరాయి, 107, 110, 139 స్క్వాడ్రన్లవి ఐదేసి చొప్పున. ఆ యుద్ధంలో బ్రిటన్ చేసిన మొదటి బాంబు దాడి అదే. ముందు వెళ్లింది మన పేరున్న 110వ స్క్వాడ్రన్, నాయకుడు కెనెత్ డోరన్. మబ్బులు బాగా కిందికి ఉండడంతో వీళ్లు కూడా బాగా కిందికి దిగి, ఓడల స్తంభాల ఎత్తులో వెళ్లారు, ఓడ మీద ఆరేసిన బట్టలు కూడా కనిపించాయని డోరన్ తర్వాత చెప్పాడు. అడ్మిరల్ షీర్ అనే పెద్ద నౌకకి బాంబులు తగిలాయి గానీ పేలలేదు. మొదట వెళ్లినవాళ్లకి ఆ కొద్ది క్షణాలైనా దొరికాయి, ఆ తర్వాత ఓడల మీద ఫిరంగులన్నీ సిద్ధమైపోయాయి. 107వ స్క్వాడ్రన్ ఐదింటిలో నాలుగు పోగొట్టుకుంది. 139 వాళ్లకి అసలు ఆ చోటే దొరకలేదు, అందరూ క్షేమంగా ఇంటికి చేరారు.

110వ స్క్వాడ్రన్ పోగొట్టుకున్నది ఒక్క విమానం. దాని పైలట్ ఫ్లయింగ్ ఆఫీసర్ హెచ్. ఎల్. ఎమ్డెన్. ఆ రోజు దెబ్బ తిన్న బ్లెన్‌హైమ్ ఒకటి ఎమ్డెన్ అనే జర్మన్ క్రూయిజర్ (ఒక రకం యుద్ధనౌక) ముందు భాగం మీద కూలింది, ఓడలో నావికులు కొందరు చనిపోయారు. ఆ కూలింది ఎమ్డెన్ విమానమేనని ఎక్కువమంది రాస్తారు, కాదు, 107 వాళ్లదని వాదించేవాళ్లూ ఉన్నారు. కావాలని ఢీకొట్టాడు అనడానికి మాత్రం ఆధారం లేదు. అంత కిందికి ఎగిరే విమానానికి గుండు తగిలితే పైలట్ చేతిలో ఇంకేం ఉంటుంది చెప్పండి? పని చేస్తూ చనిపోయాడు, అది చాలదా? దానికి ఆత్మాహుతి తగిలించడం మన వాట్సాప్ పండితుల సొంత కవిత్వం.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం మీరు నిస్సంకోచంగా ఫార్వర్డ్ చేసుకోవచ్చు. ఆ ఓడకి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మొదటి యుద్ధంలో 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవులో బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల్ని కాల్చి, జనాన్ని ఊరొదిలి పారిపోయేలా చేసిన పాత జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ నుంచే. ఆ పాతది అదే ఏడాది నవంబర్‌లో కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో నాశనమైంది. 1939 నాటిది ఆ పేరుతో వచ్చిన మూడోది.

బాంబర్ పైలట్ అంటే ఊళ్ల మీద బాంబులు వేసినవాడు. చచ్చిన పిల్లల్ని, ఆడవాళ్లని వదిలేసి, చంపినవాడికి స్మారకాలు కట్టడం, మీలాంటివాళ్లు దాని గురించి రాయడం ఏం న్యాయం?
– ఒక పాఠకుడు, కాకినాడ

కాకినాడ నుంచి ఈ ప్రశ్న రావడం న్యాయమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మీ ఊరి మీద, విశాఖ మీద బాంబులు వేశాయి. మనది బాంబులు పడ్డ పక్షం కూడా.

విల్‌హెల్మ్స్‌హాఫెన్‌కి వెళ్లినవాళ్లకి ఓడల్ని కొట్టండి, ఊరి జోలికి పోవద్దు అని స్పష్టంగా చెప్పి పంపారు. ఆ పట్టింపు ఎక్కువ కాలం నిలవలేదు. 1943 జులైలో హాంబర్గ్‌లో 30,000 మందికి పైగా, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో దాదాపు 25,000 మంది చనిపోయారు, ఎక్కువమంది సామాన్యులే. ఇది దాచేది కాదు. బ్రిటన్‌కి కూడా ఇది చాలాకాలం గొంతులో ముల్లే. బ్రిటన్ బాంబర్లని నడిపిన విభాగం, బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది తిరిగి రాలేదు, అంటే పదిమందిలో నలుగురికి పైగా. వాళ్లంతా స్వచ్ఛందంగా చేరినవాళ్లు, ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. అయినా లండన్ గ్రీన్ పార్కులో వాళ్ల స్మారకం లేచింది 2012లో, యుద్ధం అయిపోయిన 67 ఏళ్లకి. అందులో ఆ బాంబు దాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవాళ్లనీ తలచుకుంటూ కూడా ఒక వాక్యం చెక్కారు.

నా అభిప్రాయం అడిగితే, ఊళ్లని తగలబెట్టాలన్న నిర్ణయం తీసుకున్నవాళ్లని ఎంతైనా నిలదీయండి, నేనూ మీతో ఉంటాను. 22 ఏళ్ల కుర్రాడు ఎక్కడ పుట్టాడు, ఏ విమానం నడిపాడు, అతనితో ఇంకెవరున్నారు, ఎక్కడ కూలాడు అని ఓపిగ్గా వెతికి రాసిపెట్టడం అతన్ని దేవుణ్ణి చేయడం కాదు. ఇంకో సంగతి, ఎప్పుడూ పైలట్ పేరే పైకి వస్తుంది. లాంకాస్టర్ బాంబర్‌లో ఏడుగురు ఉండేవాళ్లు, ఆ మిగతా ఆరుగురి పేర్లు ఎవరైనా చెబుతున్నారా? లింకన్‌లోని అంతర్జాతీయ బాంబర్ కమాండ్ కేంద్రంలో మాత్రం అందరి పేర్లూ వరసగా ఉన్నాయి, హోదా చూడకుండా. నాకు ఆ పద్ధతి నచ్చింది.

మా అమ్మమ్మ తమ్ముడు రెండో యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్‌లో చేరి బర్మా వైపు చనిపోయారట. ఇంట్లో ఒక ఫొటో తప్ప ఏమీ లేదు. ఎలా వెతకాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

ముందు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకండి, ఉచితమే. మన పేర్లని ఇంగ్లీషు గుమాస్తాలు తోచినట్టు రాశారు, కాబట్టి ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, స్పెల్లింగ్ మార్చి నాలుగైదు రకాలుగా చూడండి. చాలా రికార్డుల్లో తండ్రి పేరు, జిల్లా ఉంటాయి, ఆయన్ని గుర్తుపట్టడానికి అదే ఆధారం. సమాధి లేని వైమానికుల్లో ఆ ప్రాంతంలో చనిపోయినవాళ్ల పేర్లు ఎక్కువగా సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉంటాయి.

ఫొటోని ఫ్రేమ్‌లోంచి తీసి వెనక చూశారా? స్టూడియో ముద్ర, ఊరు, తేదీ ఉండొచ్చు. ఛాతీ మీద రెక్కల గుర్తు ఉందేమో కూడా చూడండి, రెండు రెక్కలుంటే పైలట్, ఒకటే ఉంటే నావిగేటరో, గన్నరో. అసలు రెక్కే లేకపోతే నేల మీద పనిచేసిన మెకానిక్ అయ్యుండొచ్చు, అప్పుడు వెతకాల్సిన రికార్డులు వేరు, సర్వీస్ నంబర్ దొరికితే మళ్లీ రాయండి.