700సి చక్రాలు తీసేసి 27.5 వేయించుకుంటే లాభం ఉంటుందా?

అడిగిన ప్రశ్న ఇది: "నా హైబ్రిడ్ సైకిల్‌కి 700సి చక్రాలు, 32 సైజు టైర్లు ఉన్నాయి. మా రోడ్ల మీద చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి. చక్రాలు 27.5కి మార్చి లావు టైర్లు వేయించుకుంటే సుఖపడతానా? స్పీడు పోతుందా?"

700సి, 27.5 అనేవి చక్రం సైజులు, 27.5 కాస్త చిన్నది. 32 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. డిస్క్ బ్రేకులు ఉండి, ఫ్రేములో జాగా సరిపోతే వేయించుకోండి. స్పీడు పోదు. నేను మూడేళ్ళుగా అలాగే తొక్కుతున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

నాది తెనాలి. దుగ్గిరాల వైపు ఒక ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పోను పదకొండు, రాను పదకొండు కిలోమీటర్లు సైకిలు మీదే. కాలవ పక్కనే రోడ్డు, రెండు వైపులా మాగాణి. చూడటానికి చాలా బాగుంటుంది. నాట్ల సీజన్‌లో ఆ రోడ్డు మీద సైకిలు తొక్కితే మాత్రం నరకమే. చేలో దమ్ము చేయడానికి ట్రాక్టరుకి ఇనప చక్రాలు తగిలిస్తారు కదా, పని అయ్యాక వాటిని విప్పకుండానే తారు రోడ్డు ఎక్కించేస్తారు. ఆ ఇనప పళ్ళు దిగినచోటల్లా రోడ్డుకి అడ్డంగా గాట్లు పడతాయి. జానెడుకొకటి చొప్పున అరకిలోమీటరు దాకా ఉంటాయి. దానికి తోడు టైర్ల నుంచి రాలిన నల్లమట్టి గడ్డలు రెండు రోజుల ఎండకి రాళ్ళయిపోతాయి. దమ్ము చక్రాలతో రోడ్డు ఎక్కకూడదని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఏడాదీ ఎక్కుతూనే ఉంటారు. రైతుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు, మాదీ వ్యవసాయ కుటుంబమే. కానీ ఆ రోడ్డు మీద బడికి వెళ్ళే పిల్లలు కూడా ఉన్నారు.

2022 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున, దిద్దిన పరీక్ష పేపర్లు బ్యాగులో వేసుకుని బయలుదేరాను. ముందురోజు 75 పీఎస్ఐ గాలి కొట్టించాను. ఆ గాట్ల మీదకి వచ్చేసరికి హ్యాండిల్ చేతిలో నిలవలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా జలజలమంది. కొంచెం మెత్తగా ఉంటుందని ఆగి వెనక టైరులో గాలి కాస్త తీసేశాను. అదే నేను చేసిన తప్పు. వంద గజాలు పోకముందే టప్‌మని శబ్దం వచ్చి, రిమ్ము నేలకి తగులుతున్నట్టు అనిపించింది. ట్యూబు విప్పి, పంపుతో కాస్త గాలి నింపి కాలవ నీళ్ళలో ముంచాను. పక్కపక్కనే రెండు చోట్ల బుడగలు వచ్చాయి, పాము కాటేసినట్టు రెండు చిల్లులు. టైరు సన్నగా ఉండి గాలి తగ్గితే గాటు అంచుకీ రిమ్ము అంచుకీ మధ్య ట్యూబు నలిగి ఇలాగే తెగుతుంది. ప్యాచీ వేశాను. ఇంకో కిలోమీటరు పోయాక మళ్ళీ అంతే, ఈసారి ముందు చక్రం. నా దగ్గర ప్యాచీలు కూడా అయిపోయాయి.

నడిపించుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వచ్చాడు. వాళ్ళ తాతది పాత సైకిలు, రెండు పాల క్యాన్లు వేలాడదీసుకుని, అవే గాట్ల మీద స్పీడు తగ్గించకుండా. ఆగి దిగాడు. "మాస్టారూ, బ్యాగు ఇటివ్వండి, నేను పట్టుకెళ్తా" అని పేపర్ల బ్యాగు క్యారియర్ మీద పెట్టి తాడుతో కట్టాడు. ఇద్దరం నడిచాం. దారంతా నా చూపు వాడి వెనక టైరు మీదే ఉంది. బురద తుడిచి చూస్తే 28 × 1½ అని ఉంది. అంటే సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు. మా నాన్నగారు ధాన్యం బస్తా వేసుకుని మిల్లుకి వెళ్ళిన సైకిలుకీ అదే టైరు. మన రోడ్లకి ఏ టైరు కావాలో ఆ పాత సైకిళ్ళు చేసినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు ముప్పై వేలు పెట్టి కొనే సైకిలుకి 28, 32 టైర్లు తగిలించి, ఇది లేటెస్ట్ మోడల్ అని అమ్ముతున్నారు. సన్న టైరుంటే ఖరీదైన సైకిలని, లావు టైరుంటే పాలవాళ్ళ సైకిలని మనవాళ్ళకి ఎవరు నేర్పారో గానీ, దానివల్ల చాలామంది సైకిలే మానేస్తున్నారు. నాకు బాధగా ఉండేది అదే.

సరే, చక్రాల విషయం. సుఖం చక్రం చిన్నదైనందుకు రాదు, టైరులో గాలి ఎక్కువ పట్టినందుకు వస్తుంది. మీ ఫ్రేములో 700సి చక్రంతోనే 42, 45 టైరు పడితే చక్రాలు మార్చే పనే లేదు, టైర్లు మార్చుకోండి చాలు. పట్టకపోతేనే రిమ్ము చిన్నది చేసి, మిగిలిన జాగాలో లావు టైరు వేస్తాం. టైరు కూర్చునేచోట 700సి రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు, 27.5ది 584. దీన్నే 650బి అంటారు. ఫ్రాన్స్‌లో పాతకాలం టూరింగ్ సైకిళ్ళకి వాడిన సైజు ఇది, కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 32 టైరుతో 700సి చక్రం మొత్తం వ్యాసం 622కి రెండు 32లు కలిపి 686. 47 టైరుతో 27.5 చక్రం 584కి రెండు 47లు కలిపి 678. తేడా 8, అంటే సైకిలు నేలకి దిగేది 4 మిల్లీమీటర్లే. పెడల్ నేలకి తగులుతుందని టెన్షన్ పడక్కర్లేదు.

పక్క పట్టణంలో ఒక పెద్ద షాపుకి వెళ్తే, అది కుదరదు, కొత్త సైకిలు కొనుక్కోండి అన్నారు. ఇంచీటేపు కూడా చేతిలోకి తీసుకోలేదు. తిరిగొచ్చి మా మార్కెట్ వెనక సందులో పాత సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఆయన సుద్దముక్క తీసుకుని వెనక ఇరుసు నుంచి ముందుకి 315 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేము గొట్టాల మీద రెండు గీతలు గీశాడు. 47 టైరు అతి లావుగా ఉండేది సరిగ్గా అక్కడే. గీతల మధ్య జాగా కొలిస్తే 60 వచ్చింది. "47 పోతే పదమూడు, పక్కకి ఆరున్నర. సరిపోద్ది మాస్టారూ. ఇంతకన్నా లావుది మాత్రం పెట్టొద్దు, మన నల్లమట్టి ఇరుక్కుంటే చక్రం తిరగదు" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో మొదటి వానకే తెలిసింది. రేగడి మట్టి టైరుకి అంటుకుని గొట్టాల దాకా పేరుకుంటుంది, ఆ ఆరున్నర లేకపోతే భుజాన వేసుకుని రావాల్సిందే.

నా హబ్బులే ఉంచి, 32 చిల్లుల 27.5 డిస్క్ రిమ్ములు తెప్పించాం. పాత పుల్లలు పనికిరావు, దాదాపు 19 మిల్లీమీటర్లు పొట్టివి కావాలి. ఆయన రెండు సాయంత్రాలు కూర్చుని అల్లాడు. చక్రం తిప్పుతూ బొటనవేలు రిమ్ముకి దగ్గరగా ఆనించి, ఎక్కడ తగిలితే అక్కడ నిపుల్ (పుల్లని రిమ్ముకి బిగించే మర) పావు తిప్పు తిప్పి బెండు తీశాడు. చివరికి గోరుకీ రిమ్ముకీ మధ్య వెలుతురు గీతలాగా కనపడింది, చక్రం ఎంత తిరిగినా ఆ గీత కదల్లేదు. రిమ్ములు, పుల్లలు, టైర్లు, ట్యూబులు, కూలీ అన్నీ కలిపి అయిదున్నర వేల పైచిలుకు అయింది.

ట్యూబులు కొనేటప్పుడు మోటార్‌సైకిల్ వాల్వువే తీసుకోండి. సన్న ప్రెస్టా వాల్వుకి మన పంక్చర్ షాపుల్లో గాలి పట్టించలేరు. ఊరవతల ఇరుక్కున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. టైరు కొనేటప్పుడు పక్కన 47-584 అని ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. లేడీస్ సైకిళ్ళకి వచ్చే 26 × 1⅜ టైరు రిమ్ము 590, చూడటానికి ఇంచుమించు ఒకటే. ఆరు మిల్లీమీటర్ల తేడాకే అది రిమ్ము మీద నిలవదు.

ఇప్పుడు వెనక 38, ముందు 34 పీఎస్ఐ పెడుతున్నాను, నా బరువు 74 కిలోలు. గాట్లు అవే, ట్రాక్టర్లు అవే. చేతుల తిమ్మిరి పోయింది. మూడేళ్ళలో ఆ రెండు చిల్లుల పంక్చర్ మళ్ళీ రాలేదు, తుమ్మముల్లు మాత్రం రెండుసార్లు దిగింది. స్కూలుకి ఇదివరకు 34 నిమిషాలు పట్టేది, ఇప్పుడూ అంతే, ఒక్కోరోజు 33. సన్న టైరు ఎగిరెగిరి పడుతుంటే ఆ కుదుపంతా మన ఒంట్లోకే వస్తుంది, తొక్కిన బలం అందులోనే వృథా అవుతుంది. మన రోడ్ల మీద లావు టైరే స్పీడు. అద్దంలాంటి హైవే మీద రేసు తొక్కేవాళ్ళు కాదంటారేమో, వాళ్ళని ఒక్కసారి మా కాలవ రోడ్డుకి రమ్మనండి.

స్పీడు బ్రేకర్ల గురించి కూడా ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే వాలుగా ఎక్కి వాలుగా దిగాలి. మా దారిలో ఉన్నవి మూరెడు వెడల్పున గోడ కట్టినట్టున్నాయి. 47 టైరుతో వాటి మీద కూడా సీటు వదలక్కర్లేదు గానీ, మోపెడ్ల మీద ఆడవాళ్ళు, పిల్లలు అక్కడే పడుతున్నారు. పంచాయతీకి రెండుసార్లు రాసిచ్చాను, మళ్ళీ రాస్తాను.

మీవి రిమ్ముని పట్టే బ్రేకులైతే మాత్రం ఆగండి. రిమ్ము 19 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, బ్రేకు కట్టలు అంత కిందికి అందవు. డిస్కులైతే ఆ బాధ లేదు. ఇరుసు నుంచి 315 దగ్గర మీ ఫ్రేము వెడల్పు, ముందు ఫోర్కుకీ అదే దూరంలో వెడల్పు కొలిచి కింద రాయండి. 59, ఆ పైన ఉంటే 47 టైరు పెట్టించుకోండి. 54 నుంచి 58 మధ్య ఉంటే 42 చూద్దాం.