అల్లుడా, ఆ బ్లోయర్లను షెడ్డుల పడేసే ముందు జర ఇది చదువు

అల్లుడా,

నిన్న రాత్రి ఫోన్ల నువ్వు అడిగింది సగమే ఇనబడ్డది, మా ఇంటెనుక మిల్లు మోత నీకు తెల్సుగదా, అందుకే కూసొని టైప్ చేస్తున్న, తప్పులుంటే సర్దుకో. మీ సేటు సీజన్ ఒడిసింది కాబట్టి వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ బ్లోయర్లు రెండు, గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నాలుగు ఇప్పి షెడ్డుల పెట్టుమన్నడు, "ఫ్యానే కదా దానికేమైతది" అన్నడు అని చెప్పి, ఎట్ల పెట్టాలె అని అడిగినవ్. ముప్పై ఏండ్లు మిర్యాలగూడ మిల్లులల్ల ఫిట్టర్ పని చేసినోన్ని, నేను చెప్పేది ఒక్కటే, తిరిగే ఫ్యాన్ కంటే ఆగిన ఫ్యానే ఎక్కువ ఖరాబైతది. తిరిగేదాని మోత మారితే నీ చెవికి ఎరుకైతది, ఆగినదాని దిక్కు ఎవడు జూస్తడు? యాసంగి వడ్లు అయిపోయినంక మళ్ల వానాకాలం వడ్లు దిగేది దసరా దాటినంకనే, నడుమ వానలన్ని ఆ షెడ్డు మీదనే. మా దిక్కు సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు రాని ఏడాది మిల్లులు నెలలకు నెలలు బంద్ ఉండేటివి, అసొంటి ఏడు గడిచి మళ్ల మిల్లు తెరిస్తే మాకు అన్నం తినే తీరిక ఉండకపోయేది, అన్ని ఊకనే నిలబడి చెడిపోయిన సామాన్లే.

కొత్తగ పనిలకొచ్చినప్పుడు ఒక బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లుల స్పేర్ బ్లోయర్ ఒకటి బియ్యం పాలిష్ చేసే మిషన్ పక్కన గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు. కొత్త బేరింగులు ఏసిన బ్లోయరే, ఒక్క గంట తిరగలే. ఏడాది దాక ఎవ్వరు ముట్టలే. సీజన్ నడుమ అసలు బ్లోయర్ పోయింది, రాత్రికి రాత్రి దీన్ని ఎక్కిచ్చినం, రెండో రోజే బేరింగ్ ఏడుసుడు మొదలుపెట్టింది. ఇప్పి చూస్తే లోపల రింగు మీద రోలర్లు ఎక్కడెక్కడ కూసున్నయో అక్కడక్కడ గుంతలు, ఇడ్లీ ప్లేటు లెక్క వరుసగ. మా మేస్త్రి అప్పుడు చెప్పిండు, పక్క మిషన్ అదురుడు నేల గుండ వస్తది, తిరగని బేరింగ్ల రోలర్ ఒక్క తావుల్నే సన్నగ అదిరి అదిరి గ్రీజును పక్కకు నూకి ఇనుమును ఇనుము తింటది అని. నాకు అప్పటిదాక కొత్త బేరింగ్ అంటే కొత్తదే అనే ఉండె.

కాబట్టి ఫస్టు, ఏ మిషన్ నడిచే చోట పెట్టకు. 15 రోజులకోసారి పోయి షాఫ్టును చేత్తోని తిప్పు, పది సుట్లు తిప్పినంక ఇంతకుముందు ఆగిన తావుల్నే మళ్ల ఆపకు, పావు సుట్టు అవతల ఆపు, పుల్లీ మీద చాక్ పీసుతోని గీత గీసుకుంటే యాది ఉంటది. తిప్పిన తారీకు బ్లోయర్ మీదనే రాయి. నోట్ బుక్ ల రాస్తే ఆ నోట్ బుక్ ఎక్కడ పెట్టినవో దానికి ఇంకో నోట్ బుక్ కావాలె.

లేపేటప్పుడు పైలం. హమాలీలు ఏం జేస్తరంటే షాఫ్టు కనబడ్తది కదా అని దానికే తాడు కట్టి లేపుతరు, లేకుంటే ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) రెక్కల నడుమ గడ్డపార పెట్టి మోస్తరు, అట్ల ఒక్కసారి చేసిండ్రంటే షాఫ్టు కంటికి కనబడనంత వంగుతది, ఇగ ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయిపిచ్చినా అదురుడు పోదు. బేస్ ఫ్రేముకు చెవులుంటయి, వాటికే స్లింగ్ ఏసి చైన్ బ్లాక్ తోని లేపు. మోటరు మీద ఉన్న రింగు బోల్టు ఉత్త మోటరును లేపనీకే, బ్లోయర్ మొత్తాన్ని దానికి ఏలాడదీయకు. ఏలాడేదాని కింద ఎవ్వర్ని నిలబడనియ్యకు, సేటునైనా సరే.

షెడ్డుల సిమెంటు నేల మీద సీదా పెట్టకుండ చెక్క దిమ్మెల మీద పెట్టు. బెల్టులు ఇప్పి చీకటి ఉన్న చోట ఏలాడదీయి, మోటరుకు ఎక్కిచ్చి బిగిచ్చి ఉంచితే బెల్టు పాడు, బేరింగ్ మీద ఊకనే బరువు. పెయింటు లేని షాఫ్టుకు, పుల్లీ గాడిలకు పల్చగ గ్రీజు పూయి. గాలి పీల్చే మూతి, ఇడిసే మూతి రెండింటికి ప్లైవుడ్ ముక్కలు కొట్టు, మిల్లుల ఎలుకల సంగతి నీకు నేను చెప్పాల్నా, నేను ఒకసారి కేసింగ్ (బ్లోయర్ పై డబ్బా) ఇప్పితే లోపల సంసారమే ఉన్నది, పిల్లలతో సహా, మోటరు వైరింగ్ అంత కొరికి దూది చేసినయ్. కందిరీగలు గూడ మోటరు ఫ్యాన్ కవర్ల మట్టి గూళ్లు కడతయి. వడ్ల మీద కప్పే టార్పాలిన్ కప్పొచ్చు గని కింద దాక చుట్టి తాడు బిగియ్యకు, లోపల చెమట పట్టి అంతా తుప్పే, కింద జానెడు సందు ఇడువు. కేసింగ్ అడుగున నీళ్లు పోయే చిన్న బొక్క ఉంటది, దాన్ని పుల్లతోని పొడిచి తెరిచి ఉంచు.

పెట్టేముందు ఎట్లగూ కడుగుదామనుకుంటవ్. కడుగకు. మన దిక్కు బోరు నీళ్లతోని కడిగితే ఎండినంక తెల్లటి ఉప్పు పేరుకుంటది, బిందెలకు ఎట్ల పడతదో అట్ల. తవుడు దుమ్ము తడిస్తే జిగట, ఎండితే రాయి. చెక్క పలకతోనో నైలాన్ బ్రష్షుతోనో పొడిగనే గీకు. అన్ని రెక్కలు సమానంగ గీకాలె, సగం రెక్కలు గీకి ఛాయ్ కి పోయి వచ్చి మర్చిపోతే అదురుడు ముందుకంటే ఎక్కువైతది. ఇంకోటి, రెక్కల ఎనుక చిన్న చిన్న ఇనుప ముక్కలు వెల్డింగ్ చేసి ఉంటయి, అవి మురికి కాదు, బ్యాలెన్స్ కోసం పెట్టినయి. మా దగ్గర ఒక పోరడు మస్తు శుభ్రం చేస్తున్న అనుకొని ఉలి పెట్టి అవన్ని కొట్టేసిండు.

బాయిలర్ల ఊక కాలిన పొగను చిమ్నీ దిక్కు గుంజే ఐడీ ఫ్యాన్ కథ వేరే. ఊక బూడిదల ఎక్కువ భాగం సిలికానే ఉంటది, అంటే ఉసికె లెక్కనే, అది రెక్కల అంచులను కాగితం లెక్క చేస్తది. టార్చి పెట్టి ప్రతి రెక్క అంచు చూడు. బొక్క పడ్డ రెక్క ఒక్కదానికే ముక్క అతికి వెల్డింగ్ చేసి ఎక్కిస్తే అది బ్యాలెన్స్ తప్పుతది, చేసినంక బ్యాలెన్సింగ్ కు పంపాల్సిందే. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు మాత్రం వెల్డింగ్ చేసే రెక్కకే పెట్టు, ఫ్రేముకు పెడితే కరెంటు బేరింగ్ గుండ పోయి రోలర్లను కాల్చి గుంతలు చేస్తది, ఇది చానమందికి తెల్వదు. తవుడు దుమ్ము గాలిల లేచి ఉన్న చోట నిప్పురవ్వ పడితే పేలుతది గూడ, ముందు ఊడ్సి, తడి గోనెసంచులు పరిచి, అప్పుడు మొదలుపెట్టు.

మళ్ల ఎక్కిచ్చేనాడు ఉరకకు. మోటరు కేబుల్ స్టార్టర్ కాడ ఇప్పి 500 వోల్టుల మెగ్గర్ (మోటరు వైండింగ్ల కరెంటు లీకైతున్నదా చూసే మీటరు) తోని చూడు, 5 మెగా ఓమ్స్ కంటే తక్కువ చూపిస్తే కరెంటు ఇయ్యకు, వానాకాలం తేమ అది. మేమైతే మోటరు చుట్టు గోనెసంచి అడ్డం కట్టి లోపల 100 వాట్ల బల్బు రెండు రోజులు ఎలిగిస్తుంటిమి, గోనెకు బల్బు తగలకుండ దూరం పెట్టాలె, తర్వాత మళ్ల చూసుడు. డ్రైవ్ (స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ డబ్బా) ఉన్న మోటరైతే డ్రైవ్ వైర్లు పీకినంకనే మెగ్గర్, లేకుంటే డ్రైవ్ కాలి సేటు నీ జీతంల పట్టుకుంటడు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఒక ఏడు మా ట్రాన్స్‌ఫార్మర్ మార్చిండ్రు, ఫేజులు తారుమారైనయ్. డ్రయ్యర్ బ్లోయర్ తిరుగుతున్నది, మూతి కాడ చెయ్యి పెడితే గాలి వస్తున్నది, కాని రోజూ ఆరేటి టైముకు వడ్లు ఆరుతలేవు. బాయిలర్ ఆపరేటర్ ను తిట్టిండ్రు, స్టీమ్ తక్కువ అన్నరు, వడ్లల్ల తేమ ఎక్కువ అన్నరు, వారం దాక ఎవనికి సమజ్ కాలే. బ్లోయర్ ఉల్టా తిరుగుతున్నది! సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి అదే మూతిల నుంచి వస్తది, కాని చాన తక్కువ వస్తది, గోడకు పెట్టే రెక్కల ఫ్యానైతేనే గాలి ఎనక్కి కొడుతది, అది ఎంటనే దొరుకుతది. అందుకే బెల్టులు ఎక్కియ్యక ముందే మోటరును ఒక్క సెకను కొట్టి కేసింగ్ మీద బాణం గుర్తుతోని కలిపి చూడు. ఉల్టా ఉంటే రెండు ఫేజులు మార్చు, అయిపాయె.

బెల్టుల సంగతి నీకు తెల్సిందే, ఒకటి తెగితే సెట్ మొత్తం మార్చాలె, స్క్రూడ్రైవర్ పెట్టి పీకి ఎక్కియ్యొద్దు, మోటరును జరిపి ఎక్కియ్యి, రెండు పుల్లీల మొహం మీద దారం పట్టుకుంటే నాలుగు తావుల ఆనాలె. కొత్త బెల్టు ఒక దినం నడిచినంక సాగుతది, మళ్ల బిగియ్యి.

గ్రీజు ప్లమ్మర్ బ్లాకుల (బేరింగ్ కూసునే ఇనుప డబ్బా) సగం దాటనియ్యకు. మూడోవంతు చాలు. ఎక్కువ నింపితే మంచిదనుకుంటరు, అది లోపల గిలకొట్టుకొని ఏడెక్కుతది, సల్లారనీకె ఇంకింత కొడతరు, ఇగ బేరింగ్ పాయె. లిథియం గ్రీజు ఉన్నదాంట్ల వేరే రకం కలపకు.

సేటు రేపు గాలి సాలుతలేదు పుల్లీ మార్చు అంటడు చూడు, అప్పుడు ఈ లెక్క చెప్పు. స్పీడు 10 శాతం పెంచితే గాలి 10 శాతమే పెరుగుతది, కాని మోటరు మీద లోడు 33 శాతం పెరుగుతది. 20 శాతం పెంచితే 73 శాతం. ముందుగాల గాలి పోయే డక్టులల్ల, దుమ్మును వేరుచేసే సైక్లోన్ల తవుడు ఇరుక్కున్నదా, క్యాన్వాస్ జాయింటు చినిగిందా చూడు, పదిసార్లల్ల ఎనిమిదిసార్లు గాలి అక్కడనే పోతది. వైరు చుట్టు పట్టి ఆంపులు చూసే టంగ్ టెస్టర్ తోని మూడు ఫేజుల ఆంపులు చూసి నేమ్ ప్లేట్ తోని కలుపు. ఒక ఫేజు పోతే మోటరును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకుంటే ముందు అది పెట్టియ్యి, మన కరెంటు మీద నమ్మకం పెట్టుకోకు.

ఆఖర్ది. ఫ్యూజులు పీకి, ప్యానెల్ కు తాళమేసి, తాళంచెవి నీ జేబుల పెట్టుకున్నా సరే, కేసింగ్ల చెయ్యి పెట్టే ముందు ఇంపెల్లర్ ను కట్టెతోని ఆనిచ్చి తాడుతోని కట్టు. చిమ్నీ లాగుడుకు, బయటి గాలికి అది దానంతట అదే తిరుగుతది. నా ఎడమచెయ్యి చిటికెన వేలు పైముక్క ఎట్ల పోయిందని చిన్నప్పుడు అడుగుతుంటివి, బొంగరం తోని పోయిందని చెప్పిన, అబద్ధం.

ఆ రెండు బ్లోయర్ల నేమ్ ప్లేట్లు, బేరింగ్ నంబర్లు ఫోటో తీసి పంపు, గ్రీజు ఎంత కొట్టాల్నో చూసి చెప్త. మీ అమ్మకు షుగర్ గోళీలు అయిపోయినయేమో అడుగు, ఈ ఆదివారం జడ్చర్ల దిక్కు వచ్చేది ఉన్నది, తెస్త.

మీ మామ