టెక్ సందేహాలు: బాపు గడియారానికి పాలిష్ వద్దు

ప్రశ్న: మా బాపు కువైట్ నుంచి వస్తూ తెచ్చుకున్న సీకో గడియారం ఇన్నేళ్లూ బీరువాలోనే ఉంది. వెనకాల 6139 అని ఉంది. చేతికి పెట్టుకుంటే టైమ్ సరిగ్గానే చూపిస్తోంది కానీ సెకన్ల ముల్లు కదలడం లేదు. షాపులో చూపిస్తే డయల్‌కు కొత్తగా రంగు వేసి, పాలిష్ కొట్టి ఇస్తామన్నారు. చేయించమంటారా? (జగిత్యాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అస్సలు వద్దండీ! ముందు ఆ ముల్లు సంగతి చెప్తా, టెన్షన్ పడకండి. మీది క్రోనోగ్రాఫ్, అంటే అందులోనే స్టాప్‌వాచ్ ఉంటుంది, ఆ పెద్ద ముల్లు దానిదే. ఈ మోడల్‌లో మామూలు సెకన్ల ముల్లు అసలు లేనే లేదు. రెండు గంటల దగ్గరున్న బటన్ నొక్కి చూడండి, కదలాలి. మళ్లీ అదే నొక్కితే ఆగుతుంది, ఆగాక మాత్రమే నాలుగు దగ్గరి బటన్ నొక్కాలి, అప్పుడు సున్నాకు వస్తుంది. కింద చిన్న గుండ్రంలో 30 నిమిషాల దాకా లెక్క పడుతుంది. ఒకవేళ కదలకపోతే లోపల నూనె ఎండిపోయి ఉండొచ్చు, పాత గడియారాలు విప్పడం తెలిసిన మెకానిక్‌తో సర్వీసింగ్ చేయిస్తే చాలు.

1969లో ప్రపంచంలో మొట్టమొదట వచ్చిన ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ తిరిగే) క్రోనోగ్రాఫ్‌లలో ఈ 6139 ఒకటి. 1973లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన విలియం పోగ్ అనే వ్యోమగామి తన సొంత 6139ను వెంట తీసుకెళ్లి, 84 రోజులు అక్కడే వాడాడు. సేకరించేవాళ్లు ఇలాంటి కథలకూ మనసు పడతారు, కానీ చేతిలోకి తీసుకోగానే వాళ్లు చూసేది మాత్రం కేసు (గడియారం బయటి స్టీలు తొడుగు) అంచులు పదునుగా ఉన్నాయా, డయల్ మీద అక్షరాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నాయా అనే. పాలిష్ కొడితే గీతలతోపాటు ఆ అంచులూ అరిగిపోతాయి, అరిగిన స్టీలు మళ్లీ రాదు. మా మేనమామ గడియారానికి హనుమకొండలో ఒక షాపువాళ్లు ఇలాగే డయల్‌కు రంగు వేశారు, తళతళా మెరిసింది కానీ అది ఆయన పెట్టుకున్న గడియారంలా లేదు, నాకు ఇప్పటికీ బాధే.

వెనక మూత మీద సీరియల్ నంబర్ చూడండి. మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. 76తో మొదలైతే 1977 జూన్‌లో తయారైనట్టు. నీళ్లు తగలనివ్వకండి, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ల పక్కన పెట్టకండి. బాపు కొన్నప్పటి డబ్బా, బిల్లు, పాత స్టీలు చైను బీరువాలో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి, తెగిపోయి ఉన్నా సరే, పారేయకండి.